గుడికి అనుమతి ఆలస్యమైతే అది మత వివక్షేనా? అమెరికా జోనింగ్ గురించి ఒక సమాధానం

మీరు రాసినదాంట్లో రెండు ప్రశ్నలు ఉన్నాయి. మీ ఊరి తెలుగువాళ్లు కలిసి వేంకటేశ్వరస్వామి గుడి కోసం నివాస ప్రాంతం అంచున ఐదెకరాల స్థలం చూశారు. ఇంకా బేరం కుదరకముందే చుట్టుపక్కల ఇళ్ల ముందు వ్యతిరేక బోర్డులు వెలిశాయి. పబ్లిక్ హియరింగ్ (బహిరంగ విచారణ) జరగనిదే అనుమతి ఇవ్వలేమని ఊరి పాలకవర్గమైన టౌన్‌షిప్ వారు చెప్పారు. ఇది మత వివక్షేనా, కోర్టుకు వెళ్లవచ్చా అన్నది మొదటి ప్రశ్న. రెండోది మీరు కొంచెం మొహమాటంగా చివర్లో అడిగారు. అదే ఊళ్లో మసీదు కట్టడానికి వచ్చిన దరఖాస్తును వ్యతిరేకిస్తూ ఇరుగుపొరుగు వారు సంతకాలు సేకరిస్తున్నారు. మనం సంతకం పెడితే రేపు మన గుడికి వాళ్లు అడ్డు చెప్పరని కమిటీలో కొందరు అంటున్నారు, పెట్టవచ్చా అని.

రెండో ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను: పెట్టకండి. కారణం మొదటి ప్రశ్నకు జవాబులోనే ఉంది.

నేను చాలాకాలం స్థానిక ప్రభుత్వాల ప్లానింగ్ విభాగాల్లో పనిచేశాను. తర్వాత గుళ్లకు, గురుద్వారాలకు, చిన్న చర్చిలకు దరఖాస్తులు తయారుచేయడంలో సాయపడుతూ వచ్చాను. లాయరును కాను కాబట్టి మీ రాష్ట్రంలో భూ వినియోగ కేసులు వాదించే లాయరును పెట్టుకోవడం మాత్రం తప్పదు.

హియరింగ్ పెట్టడం దానంతట అది వివక్ష కాదు. అమెరికాలో ఏ నేలలో ఏది కట్టవచ్చో చాలావరకు ఊరి స్థాయి పాలకవర్గమే నిర్ణయిస్తుంది, దీన్నే జోనింగ్ అంటారు. నివాస ప్రాంతాల్లో ప్రార్థనాస్థలాలను చాలా ఊళ్లు ‘కండిషనల్ యూజ్’ అనో ‘స్పెషల్ యూజ్’ అనో వేరే పద్దు కింద పెడతాయి. అంటే కట్టుకోవచ్చు, కానీ వాహనాల రాకపోకలు, పార్కింగ్, వాననీటి పారుదల, మురుగు, రాత్రిపూట దీపాల వెలుతురు వంటివి ఎలా సంబాళిస్తారో ఊరి ప్లానింగ్ బోర్డుకు చూపించి ఒప్పించాలి. బడికీ, ఆసుపత్రికీ కూడా చాలాచోట్ల ఇదే పద్ధతి. పక్కింటివాళ్లు వచ్చి భయాలు చెప్పుకోవడం వాళ్ల హక్కు. అందులో కొన్ని నిజమైన భయాలే. రెండు వరుసల ఇరుకు రోడ్డు మీద ఉగాది రోజున వందల కార్లు వస్తే ఎవరికైనా ఇబ్బందే.

వివక్ష ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఫెడరల్ చట్టం ఒకటి ఉంది. దాని పేరు రిలిజియస్ ల్యాండ్ యూజ్ అండ్ ఇన్‌స్టిట్యూషనలైజ్డ్ పర్సన్స్ యాక్ట్. ఈ పనిలో ఉన్నవాళ్లు ఆర్‌లూపా అంటారు. దీని వెనుక కథ క్లుప్తంగా ఇది. అందరికీ ఒకేలా వర్తించే మామూలు చట్టం వల్ల మతాచరణకు ఇబ్బంది కలిగినంత మాత్రాన రాజ్యాంగం మినహాయింపు ఇవ్వదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాన్ని సరిదిద్దడానికి అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ 1993లో ఒక చట్టం తెచ్చింది. టెక్సాస్‌లోని బర్నీ పట్టణంలో చాలని చర్చిని పెంచుకోవడానికి ఊరివాళ్లు ఒప్పుకోలేదు. ఆ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. రాష్ట్రాల మీద, ఊళ్ల మీద ఆ చట్టం చెల్లదని 1997లో కోర్టు అంది. అప్పుడు భూ వినియోగం, ఖైదీల మతహక్కులు అనే రెండు అంశాలకే పరిమితం చేసి కొత్త చట్టం రాశారు. ఉభయసభల్లోనూ వ్యతిరేక ఓటు లేకుండా ఆమోదం పొంది, 2000 సెప్టెంబరులో అది అమల్లోకి వచ్చింది.

మీకు పనికివచ్చే మేరకు ఆ చట్టం చెప్పేది నాలుగు మాటలు. బలమైన ప్రజాప్రయోజనం లేకుండా, ఇంతకన్నా తేలికైన మార్గం ఉండగా, మతాచరణ మీద గణనీయమైన భారం మోపకూడదు. మతేతర సమావేశ స్థలాలకన్నా ప్రార్థనాస్థలాలను తక్కువగా చూడకూడదు. ఒక మతానికీ మరో మతానికీ మధ్య తేడా చూపకూడదు. ఊరి పరిధి నుంచి ప్రార్థనాస్థలాలను పూర్తిగా వెళ్లగొట్టకూడదు, కారణం లేని పరిమితులు పెట్టకూడదు. అయితే జోనింగ్ నుంచి మినహాయింపు మాత్రం ఇందులో ఎక్కడా లేదు. ‘మాది దేవుడి పని, మమ్మల్ని ఆపకూడదు’ అనుకుని హియరింగ్‌కు వెళ్లిన కమిటీలు చాలా ఇబ్బంది పడ్డాయి.

నా అనుభవంలో వివక్ష బోర్డు సభ్యుల మాటల్లో కన్నా వాళ్లు వాడే కొలతల్లో బయటపడుతుంది. ‘మీ మతం మాకు వద్దు’ అని మైకులో చెప్పేవారు అరుదు. ట్రాఫిక్ అంటారు, పార్కింగ్ అంటారు, ఊరి స్వభావం అంటారు. ఆ కారణం నిజమా సాకా అని తేల్చడానికి ఒకటే దారి: నిన్నటి దరఖాస్తుదారుకు ఏ కొలబద్ద వాడారు, ఈ రోజు మీకు ఏది వాడుతున్నారు అని పక్కపక్కన పెట్టి చూడటం.

దీనికి న్యూజెర్సీలోని బెర్నార్డ్స్ టౌన్‌షిప్ కేసును మించిన ఉదాహరణ లేదు. మీ కమిటీలో అందరూ దాన్ని వివరంగా తెలుసుకోవాలని నా కోరిక. బాస్కింగ్ రిడ్జ్ ప్రాంత ముస్లింలు నాలుగెకరాల స్థలం కొని 2012లో మసీదుకు దరఖాస్తు పెట్టారు. వాళ్ల అధ్యక్షుడు అదే ఊరికి గతంలో మేయర్‌గా చేసిన మనిషి, అంటే పద్ధతులు తెలియని కొత్తవారు కాదు. అప్పటి నిబంధనల ప్రకారం ఆ స్థలంలో ప్రార్థనాస్థలం కట్టుకోవచ్చు. అయినా దాదాపు నాలుగేళ్లలో 39 హియరింగులు జరిగాయి. అసలు పేచీ పార్కింగ్ దగ్గర మొదలైంది. ఊరి నిబంధనలో చర్చికి ప్రతి ముగ్గురికి ఒక కారు చొప్పున స్థలం చూపాలని ఉంది. 150 మందికి ఆ లెక్కన 50 సరిపోతాయి. కానీ చర్చి లెక్క మసీదుకు వర్తించదని బోర్డు వాదించి 107 కావాలంది.

ఇక్కడే ఈ పని లోపలి తీరు చూడాలి. పార్కింగ్ రెట్టింపు కాగానే తారు వేసే నేల పెరుగుతుంది. తారు పెరిగితే వాననీటి ప్రవాహం పెరుగుతుంది, దానికి కొత్త కుంటలు, కాలువలు కావాలి. అవి పెడితే పక్కిళ్లకు వదలాల్సిన పచ్చటి గట్టు తగ్గుతుంది. తర్వాత ఆ గట్టు చాలలేదనీ, నీటి పారుదల సరిగా లేదనీ తిరస్కరిస్తారు. ఒక్క కొలత మార్చితే మిగతా అభ్యంతరాలన్నీ వాటంతట అవే పుట్టుకొస్తాయి. 2015 డిసెంబరులో బోర్డు దరఖాస్తును తిరస్కరించింది. ఈలోగా ప్రార్థనాస్థలాలకు కనీసం ఆరెకరాలు ఉండాలని ఊరి నిబంధన కూడా మారిపోయింది, అంటే ఆ నాలుగెకరాల్లో మళ్లీ కొత్త దరఖాస్తుకు దారి మూసుకుపోయింది. మసీదువారు 2016లో కేసు వేశారు. అదే ఏడాది నవంబరులో ఫెడరల్ న్యాయశాఖ కూడా విడిగా కేసు పెట్టింది. చర్చికి ఒక లెక్క, మసీదుకు మరో లెక్క వాడటం ఆర్‌లూపాకు విరుద్ధమని 2016 డిసెంబరు 31న ఫెడరల్ జడ్జి తేల్చారు. 2017 మేలో రాజీ కుదిరింది. మసీదుకు అనుమతి, 32.5 లక్షల డాలర్ల చెల్లింపు, టౌన్‌షిప్ అధికారులకు శిక్షణ ఆ ఒప్పందంలో ఉన్నాయి.

వర్జీనియాలోని కల్పెపర్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కథ ఇంకా స్పష్టం. అక్కడి మసీదు స్థలంలో నేల సెప్టిక్ ట్యాంకుకు పనికిరాదు. అలాంటిచోట మురుగును ట్యాంకరుతో తోడి తీసుకుపోవడానికి కౌంటీ అనుమతి ఇస్తుంది. 1992 నుంచి అలాంటి 26 దరఖాస్తులు రాగా, వ్యాపార సంస్థకు గానీ మత సంస్థకు గానీ ఒక్కసారి కూడా కాదనలేదు. 2016లో మసీదు అడిగితే 4-3 ఓట్లతో కాదన్నారు. అదే ఏడాది చివర్లో న్యాయశాఖ కేసు వేసింది, మరుసటి ఏడాది కౌంటీ రాజీకి వచ్చి అనుమతి ఇచ్చింది. మురుగునీటి పాత రికార్డులు ఆ కేసును నిలబెట్టాయి. అందుకే పాత రికార్డుల గురించి నేను ఇంతగా చెబుతున్నాను.

మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది కాలిఫోర్నియాలో యూబా సిటీ గురుద్వారా కేసు. సిక్కులు మొదట నివాస ప్రాంతంలో సుమారు రెండెకరాల్లో చిన్న గుడికి అనుమతి అడిగితే శబ్దం, ట్రాఫిక్ అని కాదన్నారు. సరే, ఇళ్లకు దూరంగా పోదామని వ్యవసాయ ప్రాంతంలో 28 ఎకరాలకు పైగా కొన్నారు. అధికారులు పెట్టిన షరతులన్నీ ఒప్పుకున్నారు. ప్లానింగ్ కమిషన్ ఒక్క ఓటు తేడాతో సరే అన్నా, దాని పైనున్న సూపర్వైజర్ల బోర్డు ఈసారి ఊరికి దూరంగా ఉందని తిరస్కరించింది. ఊళ్లో వద్దు, ఊరి బయటా వద్దు అంటే ఇక ఎక్కడ కట్టుకోవాలి? ఈ కారణాలతో కౌంటీలో ఏ స్థలాన్నైనా తిరస్కరించవచ్చు కాబట్టి ఇది గణనీయమైన భారమేనని 2006లో తొమ్మిదో సర్క్యూట్ (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే ఫెడరల్ అప్పీలు కోర్టు పరిధిని సర్క్యూట్ అంటారు) అప్పీలు కోర్టు చెప్పింది. మీ టౌన్‌షిప్ ఈ స్థలం కాదంటే, మరి ఏ ప్రాంతంలో అయితే ఒప్పుకుంటారో చెప్పమని రికార్డులోకి ఎక్కేలా అడగండి. జవాబు వచ్చినా మంచిదే, రాకపోయినా మీకు పనికివస్తుంది.

ఇక ఓడిపోయిన కేసులు. వీటి గురించి మనవాళ్లు ఎవరూ మాట్లాడరు కానీ వీటిలోనే నేర్చుకోవలసింది ఎక్కువ. షికాగోలో స్థలం దొరకడమే కష్టంగా ఉందని కొన్ని చర్చిలు కలిసి వేసిన కేసును 2003లో అప్పీలు కోర్టు కొట్టేసింది. పెద్ద నగరంలో స్థలం కొరత అందరికీ ఉండేదే అంది. అదే రాష్ట్రంలో నార్త్‌బ్రూక్ అనే ఊళ్లో అనుమతి రాదని తెలిసి కూడా ఒక చర్చి భవనం కొనేసింది. తెలిసి తెచ్చుకున్న కష్టం మీదేనని 2007లో కోర్టు అంది. కాలిఫోర్నియాలో ఒక క్రైస్తవ కళాశాల అసంపూర్ణ దరఖాస్తు పెట్టి, పూర్తి చేయమని ఊరివాళ్లు అడిగినా చేయక 2004లో ఓడిపోయింది. కనెక్టికట్‌లో ఇంట్లో ఆదివారం ప్రార్థనలకు 25 మందికి మించి రాకూడదన్న ఆంక్షపై ఒక కుటుంబం నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. ముందు స్థానిక అప్పీలు బోర్డును ఆశ్రయించి ఉండాల్సిందని 2005లో కోర్టు వాళ్లను వెనక్కి పంపింది. గుడి కట్టేదాకా ఎవరో ఒకరి ఇంట్లో శనివారం భజనలు జరుపుకునే మీలాంటి వాళ్లు ఈ చివరి కేసును ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.

హిందూ గుడికి కొన్ని ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి. అమెరికా ఊళ్ల నిబంధనలు చర్చిని మనసులో పెట్టుకుని రాసినవి. పార్కింగ్‌ను బల్లల మీద సీట్ల లెక్కతో కొలుస్తారు. మన గుడిలోనూ, మసీదులోనూ, గురుద్వారాలోనూ బల్లలు ఉండవు, నేల మీద కూర్చుంటారు. అప్పుడు కొందరు అధికారులు హాలు వైశాల్యాన్ని మనిషికి పట్టే చోటుతో భాగించి చాలా పెద్ద సంఖ్య చెబుతారు. మీరే ముందుగా ఒక సంఖ్య ప్రతిపాదించండి. మామూలు రోజుల్లో ఉదయం నుంచి రాత్రి దాకా విడతలుగా వచ్చిపోతారనీ, వైకుంఠ ఏకాదశి, శివరాత్రి వంటి కొన్ని రోజుల్లో మాత్రమే ఒక్కసారిగా జనం వస్తారనీ, ఆ రోజుల్లో పక్కనున్న బడి పార్కింగ్ వాడుకుని షటిల్ బస్సు నడుపుతామనీ ట్రాఫిక్ ఇంజినీరు చేత రాయించండి. పండుగ రోజు సంఖ్యను దాచిపెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. బోర్డులో ఎవరో ఒకరు మీ వెబ్‌సైటులో కల్యాణోత్సవం ఫొటోలు చూసే ఉంటారు.

గోపురం ఎత్తు మరో చిక్కు. చాలా నిబంధనల్లో భవనాల ఎత్తుకు పరిమితి పెట్టి, చర్చి శిఖరాలకూ గంటగోపురాలకూ మినహాయింపు ఇస్తారు. ఆ మినహాయింపు గోపురానికీ వర్తించాలని మొదటి ఉత్తరంలోనే అడగండి. మసాచుసెట్స్‌లో బెల్మాంట్ పట్టణంలోని మార్మన్ ఆలయ శిఖరం విషయంలో 2001లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఒక మంచి మాట చెప్పింది: శిఖరం ఆ మతానికి తప్పనిసరా కాదా అని తేల్చడం న్యాయమూర్తుల పని కాదు. అది ఆ రాష్ట్ర చట్టం కింద వచ్చిన తీర్పు, మిగతా రాష్ట్రాలను కట్టిపడేయదు, అయినా ‘గోపురం లేకపోతే పూజ జరగదా?’ అని ఎవరైనా అడిగితే చూపించడానికి గట్టి ఆధారం. ప్రసాదాల వంటగది, అర్చకుల నివాసం, పెళ్లిళ్లకు హాలు కూడా దరఖాస్తులోనే స్పష్టంగా రాయండి. ఊళ్లోని చర్చికి పాస్టర్ ఇల్లు, భోజనాల హాలు ఉంటే మీకూ ఉండవచ్చు. తర్వాత ఎప్పుడో చేర్చుకుందాంలే అని వదిలేస్తే మళ్లీ మొదటినుంచీ హియరింగులే.

ఇప్పుడు మసీదు సంతకాల సంగతి. న్యాయశాఖ 2016లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. అమెరికా జనాభాలో ముస్లింలు సుమారు ఒక్క శాతం. కానీ 2010 సెప్టెంబరు నుంచి ఆ శాఖ చేపట్టిన ఆర్‌లూపా భూ వినియోగ దర్యాప్తుల్లో 38 శాతం మసీదులు, ఇస్లామిక్ బడుల గురించినవే. అంతకుముందు పదేళ్లలో అది 15 శాతం. ముస్లిమేతర దర్యాప్తుల్లో 84 శాతం కోర్టు దాకా పోకుండానే సానుకూలంగా తేలాయి. ముస్లింలవి అలా తేలినవి 20 శాతమే. టెనెసీలోని మర్ఫ్రీస్‌బరోలో అయితే ఇస్లాం మతమే కాదని, కాబట్టి దానికి మతహక్కులు లేవని మసీదును వ్యతిరేకించినవాళ్లు కోర్టులో వాదించారు. అక్కడ 2010లో నిర్మాణ స్థలంలో యంత్రాలకు నిప్పు పెట్టారు. బహిరంగ ప్రకటన సరిపోలేదన్న కారణంతో రాష్ట్ర కోర్టు అనుమతిని రద్దుచేస్తే, ఫెడరల్ ప్రభుత్వం కేసు వేసి ఫెడరల్ కోర్టు ఆదేశం తెచ్చాక 2012 ఆగస్టులో మసీదు తెరుచుకుంది. మీ ఊళ్లోని ముస్లిం కుటుంబాలు ఈ చరిత్ర అంతా తెలిసే దరఖాస్తు పెట్టుకుంటున్నాయి.

హియరింగుల్లో కొందరు గుడి కమిటీవాళ్లు లేచి ‘మాది మసీదు కాదండీ, మేం శాంతికాములం’ అని చెప్పడం నేను చూశాను. నాకు అది విన్న ప్రతిసారీ బాధ కలుగుతుంది. పొరుగువాడి మీది అనుమానాన్ని అరువు తెచ్చుకుని దాంతో మన గుడికి అనుమతి సంపాదించాలనుకోవడం తప్పు, మన పెద్దలు నేర్పిన పద్ధతీ కాదు. పైగా అది పనిచేయదు కూడా. మసీదును ఆపడానికి కనీసం ఆరెకరాలు అని నిబంధన మార్చితే, మీ ఐదెకరాల గుడి కూడా అదే రోజున ఆగిపోతుంది. పార్కింగ్ రెట్టింపు చేస్తే మీకూ రెట్టింపే. అదీకాక మీ కమిటీ సభ్యుల పేర్లతో ‘ప్రార్థనాస్థలం వల్ల ఈ ప్రాంతం పాడవుతుంది’ అన్న కాగితం ఊరి రికార్డులో శాశ్వతంగా ఉంటుంది. మీ హియరింగ్‌లో అవతలి లాయరు దాన్ని చదివి వినిపిస్తే ఏం చెబుతారు? అసలు నేను మిమ్మల్ని కోరేది ఇంకొంచెం ఎక్కువ. మసీదు హియరింగ్‌కు మీలో ఇద్దరు ముగ్గురు వెళ్లి, చర్చికి వాడిన కొలతే దీనికీ వాడండి అని రెండు నిమిషాలు చెప్పి రండి. మసీదును సమర్థించమని కాదు, ఆ ఒక్క మాట చెప్పమని. వాళ్ల ట్రాఫిక్ పథకంలో నిజంగా లోపముంటే దాన్నీ సూటిగా చెప్పవచ్చు.

1976లో పిట్స్‌బర్గ్ శివారు పెన్‌హిల్స్‌లో వేంకటేశ్వరాలయానికి పని మొదలుపెట్టినప్పుడు ఈ చట్టం లేదు, చూపించడానికి ఇన్ని తీర్పులూ లేవు. ఈ రోజు మీ చేతిలో ఉన్న ఆధారాల్లో చాలావరకు మసీదులు, యూదుల ప్రార్థనాస్థలాలైన సినగాగ్‌లు, గురుద్వారాలు, చిన్న చర్చిలు కోర్టుల్లో ఏళ్ల తరబడి నిలబడి సంపాదించినవి. ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో వ్యాపార ప్రాంతంలో ప్రైవేటు క్లబ్బులకు చోటిచ్చి సినగాగ్‌లకు ఇవ్వకపోవడం చెల్లదని 2004లో తీర్పు తెచ్చుకున్నది సనాతన యూదులు. మీ ఊళ్లో ఫంక్షన్ హాలుకు, ప్రైవేటు క్లబ్బుకు అనుమతి ఉన్నచోట గుడికి లేదంటే మీ లాయరు మొదట చూపేది ఆ తీర్పునే. ఈ అంశం మీద అప్పీలు కోర్టులన్నీ ఒకే విధంగా చెప్పలేదు కాబట్టి మీ రాష్ట్రం ఏ సర్క్యూట్ కిందికి వస్తుందో చూసి సలహా ఇమ్మనండి.

స్థలం సంగతికి వస్తే, ఇప్పుడే కొనేయకండి. జోనింగ్ అనుమతి వస్తేనే కొంటామన్న షరతుతో ఒప్పందం రాయించుకోండి. ఆర్‌లూపా కింద హక్కు అడగడానికి సొంత స్థలమే ఉండనక్కరలేదు, కౌలు గానీ, కొనుగోలు ఒప్పందం గానీ, ఆప్షన్ (గడువులోగా కొనుక్కునే హక్కు) గానీ చాలు. తర్వాత పబ్లిక్ రికార్డుల చట్టం కింద గత పది పదిహేనేళ్లలో ఊళ్లో చర్చిలు, బడులు, క్లబ్బులు, ఫంక్షన్ హాళ్లు పెట్టుకున్న దరఖాస్తులు, వాటి పార్కింగ్ లెక్కలు, హియరింగ్ మినిట్స్ అడగండి. ఎన్ని హియరింగులు పట్టాయి, ఎన్ని కార్లకు స్థలం అడిగారు, ఏ షరతులు పెట్టారు అని పట్టిక వేయండి. ఆ పట్టికను దరఖాస్తుతోపాటే బోర్డుకు ఇవ్వండి. కొలత మారబోతుంటే బోర్డు లాయరే ముందుగా వాళ్లను ఆపుతాడు, నేను పనిచేసిన చోట్ల అలా ఆగిన సందర్భాలు ఉన్నాయి.

కాదంటే తిరస్కరణ కారణాలు రాతపూర్వకంగా తీసుకోండి. రాష్ట్ర కోర్టులో అప్పీలు గడువు పెన్సిల్వేనియాలో 30 రోజులు, న్యూజెర్సీలో 45 రోజులు, ఇతర రాష్ట్రాల్లో వేరుగా ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. గడువు దాటితే ఎంత న్యాయమున్నా వినేవారు ఉండరు. న్యాయశాఖ పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు చేయడానికి ఖర్చేమీ లేదు కానీ, ఆ శాఖ మీ తరఫున నష్టపరిహారం అడగదు, పరిస్థితి సరిదిద్దమని మాత్రమే అడుగుతుంది. పరిహారం, లాయరు ఖర్చులు కావాలంటే మీరే కేసు వేయాలి. మీ ఒప్పందం గడువు ఎన్ని నెలలో కూడా చూసుకోండి. హియరింగులు వాయిదాల మీద వాయిదాలు పడితే అమ్మకందారు విసిగిపోయి వేరేవారికి అమ్మేసుకునే ప్రమాదం ఉంది, కనీసం రెండుసార్లు గడువు పొడిగించుకునే హక్కు అందులో రాయించండి.